"కొను" జారిపోయిన పరీక్ష

"కాబట్టి ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." మొదటి కొరింథీయులకు 11:28. బల్ల ఆదివారం, అంటే ప్రభువు రాత్రి భోజనంగా రొట్టె, ద్రాక్షారసం పంచే ఆదివారం, అయ్యగారు గబగబా చదివేస్తారు, మనం గబగబా లేచి వరుసలో నిలబడతాం. ఆ క్రియ దగ్గర ఒక్కసారి ఆగండి. "తన్ను తాను" అని ముందే అన్నా మన బైబిలు "పరీక్షించవలెను" అని సరిపెట్టలేదు, "పరీక్షించుకొనవలెను" అంది. పరీక్ష పెట్టేదీ రాసేదీ ఒక్కడే, దిద్దేది ప్రభువు. ఇందులో పక్కవాడికి పనేమీ లేదు.

ఆ "కొను" తీసేస్తే ఏమవుతుందో ఇంగ్లండు చూపించింది. 1673లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టానికి పేరే టెస్ట్ యాక్ట్, పరీక్ష చట్టం. ప్రభుత్వ కొలువులోకి, సైన్యంలోకి కథోలికులు రాకూడదు, అదీ దాని ఉద్దేశం. అందుకు దొరికిన సాధనం ప్రభువు బల్ల! కొలువులో చేరినవాడు మూడు నెలల్లోగా ఒక ఆదివారం, ఆరాధనా ప్రసంగమూ అయిన వెంటనే, ఆంగ్లికన్ పద్ధతిలో, అంటే ఇంగ్లండు అధికారిక సంఘం పద్ధతిలో, బల్ల తీసుకోవాలి. పాదిరి, చర్చి వార్డెను సంతకాలు పెట్టిన సర్టిఫికెట్ తేవాలి. దాన్ని కోర్టులో ఇచ్చి, నిజమేనని ఇద్దరు సాక్షులతో ప్రమాణం చేయించాలి. అంతటితో అయిపోలేదు. రొట్టె, ద్రాక్షారసం సారంలో మారవని ఒప్పుకుంటూ సంతకం కూడా చేయాలి. అవి క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని నమ్మే కథోలికుడి గొంతులో ఆ వాక్యం అడ్డంపడాలనే రాశారు. ఇవేవీ చేయకుండా కొలువు వెలగబెడితే 500 పౌండ్ల జరిమానా, పైగా కోర్టులో దావా వేసే హక్కు కూడా పోతుంది.

వల వేసిన కొద్ది నెలలకే రాజు తమ్ముడు జేమ్స్ నౌకాదళాధిపతి పదవి వదిలేశాడు. కాబోయే రాజు కథోలికుడని దేశమంతటికీ తెలిసిపోయింది. జేమ్సేమీ పుణ్యపురుషుడు కాడు, కానీ అబద్ధపు బల్ల మాత్రం తీసుకోలేదు. 1678లో రొట్టె మారదన్న ఆ ఒప్పుకోలును పార్లమెంటు ఉభయ సభలకూ పాకించారు. అతడికి సింహాసనం దక్కకూడదన్న పోరులోనే విగ్, టోరీ అనే పక్షాలు పుట్టాయి. 1685లో రాజై కథోలిక అధికారులకు ఈ పరీక్ష మినహాయించబోయాడు. 1688లో దేశం విడిచి పారిపోవాల్సి వచ్చింది. 1689 చట్టం కథోలికులకు సింహాసనమే లేకుండా చేసింది, 1701 చట్టం దాన్ని ఖాయం చేసింది.

ఇంతకీ పరీక్షలో ఎవరు నెగ్గారు? నమ్మకం లేనివాడికి ఏ చిక్కూ రాలేదు, ముక్క నోట్లో వేసుకుని సర్టిఫికెట్ జేబులో వేసుకున్నాడు. వేరే సంఘాల ప్రొటెస్టెంట్లు కొందరు పదవి కోసం ఒక్కపూట వచ్చి బల్ల తీసుకుని, మళ్లీ తమ కూటాలకు పోయారు. దాన్ని ఆపడానికి 1711లో ఇంకో చట్టం! తన్ను తాను పరీక్షించుకున్నవాడే ఆగిపోయాడు. పాదిరిది మరో ఇరకాటం: దుర్మార్గుడని తెలిసీ బల్ల నిరాకరిస్తే వాడి ఉద్యోగం ఊడగొట్టినట్టే. బల్ల షరతు 1828లో పోయింది, కథోలికులకు పార్లమెంటు తలుపు 1829లో తెరుచుకుంది. కథోలికురాలిని పెళ్లాడినా సింహాసనం పోదని 2013లో చట్టం చేశారు గానీ, కూర్చునేవాడు మాత్రం ఈనాటికీ ఆంగ్లికన్ సహవాసంలో ఉండాల్సిందే.

మనం నవ్వక్కర్లేదు. సంఘ ఎన్నికల ఏడాది బల్ల దగ్గర వరుస ఎందుకు పొడుగవుతుందో అందరికీ తెలుసు, ఓటర్ల జాబితాకు ఆధారం బల్ల రిజిస్టరే కదా. చందా బాకీ ఉన్నవాడి పేరు దాటేస్తారు. పెళ్లి సంబంధం వస్తే "ఆర్‌సీఎం వాళ్లా?" అని, అంటే రోమన్ కథోలికులా అని, మొహం చిట్లిస్తారు. అవతలి పక్షం, తమ బల్లను దివ్య సత్ప్రసాదం అని పిలుచుకుంటూ, ఆ పేరుతో అదే చిట్లింపు తిప్పి ఇస్తుంది. శనివారం రాత్రి ఒక్క పావుగంట కూర్చోండి. ఎవరితో మాట పోయిందో, ఎవరి బాకీ ఎగ్గొట్టామో మనవే లెక్క చూసుకుందాం, పక్క బెంచీవి కాదు.

అధ్యాయం చివర 33వ వచనమూ చూడండి: "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి." ఇక్కడా అదే "కొను". ఆకలితో ఆలస్యంగా వచ్చే పేదవాడి కోసం ఆగమంటున్నాడు పౌలు. ఆ "కొను" తీసేస్తే మిగిలేది కనిపెట్టడమే: ఎవడు ఏ సంఘమో, ఎవడు ఎవరి ఓటో.