‘ఫోను జారిపోయినది’ అని రాసేశారు

మాది తాడిపత్రి. చుట్టూ బండల పాలిష్ మిషన్లు, గ్రానైట్ ఫ్యాక్టరీలు. మా మిద్దె మీది రేకుల గదుల్లో బీహార్ పిల్లోళ్ళు బాడుగకుంటారు. వీధిలో ఏ వస్తువు కనపడకపోయినా "ఈ హిందీవాళ్ళు వచ్చినకాడి నుంచే" అంటారు. అబద్ధమెందుకు, నేనూ అన్నాను.

ఒక శనివారం రాత్రి, వారం కూలీ తీసుకొని వస్తున్న పిల్లోడి చేతిలోంచి బైకు మీద ఇద్దరు ఫోను లాక్కెళ్ళారు. కింద పడి మోచెయ్యి గీరుకుపోయింది. ఒంటి మీది రాతిపొడిలో నెత్తురు గడ్డ కట్టింది. స్టేషనుకు పోదాం రారా అంటే, నన్నే అనుమానిస్తారు అంకుల్ అంటాడు. బలవంతాన తీసుకుపోయాను.

ఏ స్టేషనో ఎందుకులెండి. రాసుకునే ఆయనది సినిమా హిందీ. వీడు "ఛీన్ కే భాగ్ గయే", అంటే లాక్కొని పారిపోయారు అని మూడుసార్లు చెప్పాడు. ఆయన "నడిచి వస్తుండగా ఫోను జారిపోయినది" అని రాసి సంతకం పెట్టమన్నాడు. తెలుగు రాదు కదా, వీడు పెట్టబోయాడు. నేను చదివాను కాబట్టి సరిపోయింది. జారిపోతే కేసే ఉండదు. లాక్కెళ్తే భారతీయ న్యాయ సంహిత 304 సెక్షన్, 3 ఏళ్ళ దాకా జైలు. భాష రాక అలా రాశాడా, ఇంకో కేసెందుకని రాశాడా అని అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

ఇంతలో నైట్ డ్యూటీకి ఒక మహిళా కానిస్టేబుల్ వచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి. ముందు మోచెయ్యి చూసింది. తర్వాత "కిత్తె లోగాఁ థే?" అంది, ఎంతమంది ఉన్నారని. మన సీమ ఉర్దూకి వాడు మొదట తెల్లమొహం వేశాడు, తర్వాత నవ్వాడు. ఆ నవ్వు తర్వాతే నాకు కూడా చెప్పని సంగతి బయటికొచ్చింది. బైకు వెనక కూర్చున్నోడు ఏదో అరిచాడట, అర్థం కాలేదట. ఏమన్నాడు అంటే "ఇడ్సురా" అన్నాడు. వదలరా అని, అచ్చం మన సీమ మాట.

ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

ఉర్దూ 2022 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. కానీ ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది ఆమె డ్యూటీలో ఉండడమే. మళ్ళీ రాసి, హిందీలో చదివి వినిపించి, సంతకం తీసుకొని ఎఫ్‌ఐఆర్ కాపీ ఉత్తినే ఇచ్చింది. చదివి వినిపించడం, కాపీ ఇవ్వడం చట్టంలో ఉన్నవే, నాగరిక సురక్షా సంహిత 173లో. ఇక్కడి అడ్రసుతో ఆధార్ లేకపోయినా అడ్డం రాలేదు. తర్వాత డూప్లికేట్ సిమ్ తీసుకొని, డబ్బా మీది ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు నంబరు) పెట్టి, కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో ఫోను బ్లాక్ చేయించాం.

ఫోను ఇంకా దొరకలేదు. మిగతా గదుల వాళ్ళు మాత్రం ఒక్కొక్కరే కిందికి దిగొస్తున్నారు. ఒకడి పర్సు, ఇంకొకడి జీతం డబ్బులు, ఉగాదికి ముందు మరో ఫోను. నా మిద్దె మీద ఉండేవాళ్ళకే మూడు జరిగితే నాకే తెలీదు.

"ఆ మేడం డ్యూటీ మళ్ళీ ఎప్పుడు అంకుల్?" అని అడుగుతున్నారు.