షుగరు దిగనంటోందా? చిగుళ్ళు కూడా చూపించండి

మాత్రలు వేళకి పడుతున్నాయి. రాత్రిళ్ళు అన్నం మానేసి చోడి అంబలి తాగుతున్నారు. అయినా మూణ్ణెల్ల సగటు షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ, ఎనిమిదిన్నర దగ్గరే మొండికేసింది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు మనవాళ్ళు ఈ మాట తరచూ అంటుంటారు. అలాంటప్పుడు మందు మోతాదు పెరుగుతుంది గానీ నోరు తెరిపించి చూడడం మాత్రం అరుదు.

చిగుళ్ళ జబ్బు డయాబెటిస్ తెచ్చే ఆరో ముప్పని హెరాల్డ్ లోయె అనే దంతశాస్త్రవేత్త 1993లోనే రాశారు. పంటికీ చిగురుకీ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పాచి గట్టిపడి గారగా మారితే చిగురు వాచి, పంటిని వదిలేస్తుంది. సందు 5, 6 మిల్లీమీటర్లకి దిగిపోతే బ్రష్షు అక్కడిదాకా అందదు. రక్తంలో షుగరు ఎక్కువగా ఉంటే తెల్లకణాలు క్రిములతో సరిగా పోరాడలేవు, వాపు చల్లారదు, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. ఆ వాపు అక్కడితో ఆగదు. దానిలో పుట్టిన రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. షుగరు చిగుళ్ళని పాడుచేస్తే, చిగుళ్ళు షుగరుని ఎగదోస్తాయి.

చిగుళ్ళ జబ్బుకి చాలాసార్లు నొప్పి ఉండదు, అదే ప్రమాదం. మంచి వెలుతురులో అద్దం ముందు పెదవి ఎత్తి చూడండి. చిగురు ఉబ్బి నిగనిగలాడుతోందా? వేలితో పంటివైపు నొక్కితే తెల్లగా చీము వస్తోందా? చుట్ట, బీడీ తాగేవాళ్ళలో నికోటిన్ వల్ల చిగుళ్ళ నుంచి రక్తం పెద్దగా కనబడదు, కాబట్టి రక్తం లేదు కదా అని ధీమా పడకండి. ఇక గుడాఖు. పళ్ళు శుభ్రమవుతాయని పొద్దున్నే వేలితో రుద్దుకుంటారు గానీ అది పళ్ళపొడి కాదు, పొగాకు. రుద్దినచోట చిగురు వెనక్కి పోయి పంటి వేరు బయటపడుతుంది. రోజుకి ఒకసారితో మొదలైంది నాలుగైదుసార్లవుతుంది. దయచేసి మానండి.

గార తీయిస్తే పళ్ళు ఊగుతాయని భయపడేవాళ్ళు చాలామంది. ఎముక అప్పటికే కరిగిపోయి, గార పళ్ళని ఒకదానికొకటి అతికించి పట్టుకుని ఉంటుంది. అది పోగానే అసలు సంగతి బయటపడుతుంది, వాపు తగ్గి సందులూ కనబడతాయి. చల్లనీళ్ళు తాగితే కొన్నాళ్ళు జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. సందులు లోతుగా ఉంటే పైపై క్లీనింగు చాలదు, చిగురుకి మత్తు ఇచ్చి పంటి వేళ్ళదాకా గీకాలి. ఏ పంటి దగ్గర ఎన్ని మిల్లీమీటర్లుందో అడిగి రాయించుకోండి.

చిగుళ్ళ చికిత్సకి వెళ్ళే రోజు పరగడుపున వెళ్ళొద్దు. రక్తపరీక్షలాగే అనుకుని ఖాళీ కడుపుతో బరంపురం బస్సెక్కేస్తారు, కుర్చీలో కూర్చునేసరికి షుగరు పడిపోతుంది. టిఫిను తిని, మామూలు మాత్రో ఇన్సులినో వేసుకుని పొద్దుటిపూటే వెళ్ళండి. షుగరు 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్ళీ చూసుకోవాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే ఆ మాటా చెప్పండి. కొందరిలో దానివల్ల చిగురు పెరుగుతుంది. అలాగని సొంతంగా మానేయకండి, మందు మార్చాలో వద్దో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి.

ఇంట్లో బ్రష్షుని చిగురు అంచు మీద 45 డిగ్రీలు వాల్చి, చిన్నచిన్న కదలికలతో రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు తోముకోవాలి. పళ్ళ మధ్యకి సందుకి సరిపడే చిన్న బ్రష్షు వాడండి. అగ్గిపుల్ల, గుండుసూది వద్దేవద్దు.

ఎంత తగ్గుతుందని అడుగుతారు. వైద్య పరిశోధనలని కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2022 నాటి సమీక్ష ప్రకారం చిగుళ్ళ చికిత్స అయిన 3, 4 నెలలకి హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గింది. మాత్రలకి ఇది బదులు కాదు, తోడు. మళ్ళీ పరీక్షకి తొందరపడకండి. ఎర్రకణం 120 రోజులదాకా బతుకుతుంది కాబట్టి నెలకే చేయిస్తే పాత షుగరు లెక్కే ఎక్కువగా కనబడుతుంది. మూడు నెలలు నిండాక చేయించండి, చిగుళ్ళని మళ్ళీ కొలిపించుకోవడానికీ అదే సరైన సమయం.