తమ్ముడు పంపిన నారింజ చేపలు

ఆదివారం, నల్లగొండ

పొద్దున జిద్దా నుంచి తమ్ముడు ఒక వీడియో పంపాడు. మొన్న సెలవు రోజున ఎర్రసముద్రంలో పగడపు దిబ్బల దగ్గర ఈదుతూ తీసిందట. "అక్కా, ఇవి ఏ చేపలో చెప్పు" అని కింద ఒక్క మాట. ముప్పై సెకన్లే గాని, మధ్యాహ్నం దాకా నన్ను కదలనివ్వలేదు.

పగడం మీద వందల కొద్దీ నారింజ రంగు చేపలు. నడుమ అక్కడక్కడా ముదురు గులాబీ రంగువి. రెండు జాతులు కలిసి తిరుగుతున్నాయనుకున్నాను. ఆపి ఆపి చూస్తే తోకలు మాత్రం ఒకే తీరు: లోతుగా చీలి, కొసలు సన్నగా సాగి ఉన్నాయి. నారింజ చేపకు కంటి నుంచి రొమ్ము రెక్క మొదలు దాకా ఊదారంగు చార. గులాబీ చేపకు వీపు రెక్క ముందువైపు ఒక ముల్లు మిగతావాటిని దాటి జెండా కర్రలా నిలబడింది. ఆ ముల్లే ఆనవాలు పట్టించింది. లైర్‌టెయిల్ ఆంథియాస్! నారింజవి ఆడవి, గులాబీవి మగవి. మొదట అన్నీ ఆడవిగానే ఎదుగుతాయి. గుంపులో మగచేప పోతే, పెద్ద ఆడచేపల్లో ఒకటి కొన్ని వారాల్లో రంగు మార్చుకుని మగదవుతుంది. ఇది చదివాక వీడియో మళ్లీ మొదటి నుంచి చూశాను.

చెల్లాచెదురుగా ఉన్నట్టే ఉంటాయి గాని, ముఖాలన్నీ ప్రవాహానికి ఎదురుగానే. నీటితో కొట్టుకొచ్చే సన్నటి జీవుల్ని ఏరుకు తింటాయి. తమ్ముడి చేయి కాస్త ముందుకు రాగానే గుంపంతా ఒక్కసారిగా పగడపు సందుల్లోకి దిగిపోయింది.

అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "కొర్రమీను పిల్లల్లా ఉన్నాయే" అంది. నిజమే. చిన్నప్పుడు పానగల్లు చెరువు అంచున ఎర్రటి పిల్లల గుంపు నీటిపైకి తేలితే, నాన్న నా భుజం పట్టుకుని ఆపి చూపించేవారు. కింద పెద్ద చేప కాపలా ఉంటుందని, అక్కడ వల వేసేవారు కాదు. ఆంథియాస్‌కు ఆ కాపలా లేదు. చీకటి పడే వేళ వదిలిన గుడ్లు సముద్రంలో ఎటో కొట్టుకుపోతాయి. ఆ మాట చెబితే అమ్మ చాలాసేపు ఫోను పట్టుకునే కూర్చుంది.

తమ్ముడికి పేరు రాసి, ఈసారి చేయి దగ్గరికి తీసుకెళ్లకుండా దూరం నుంచే తీయమన్నాను. "ఇంకా రెండు వీడియోలున్నాయి అక్కా" అని జవాబిచ్చాడు. రాత్రి తొమ్మిదవుతోంది, మొదటిది ఇప్పుడే వచ్చింది. అమ్మను పిలవాలి.