జైపూర్ మహారాజు గారి బంగళా

పదకొండున్నర దాటింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర వదిన అన్న ఒక్క మాట ఇప్పటికీ మనసులో మెదులుతూ నిద్ర పట్టనివ్వడం లేదు కనుక లేచి కూర్చుని రాస్తున్నాను.

గుంటూరు నుంచి పిన్నీ బాబాయీ వచ్చారు. గోంగూర పచ్చడి వడ్డిస్తుండగా మా ఢిల్లీ ప్రయాణం సంగతి వచ్చింది. ఏమేం చూశారని పిన్ని అడగగానే వదిన ఉత్సాహంగా, "ఇండియా గేటు దగ్గర జైపూర్ మహారాజు గారి బంగళా చూశాం చిన్నత్తయ్యగారూ, ఎంత బాగుందో! లోపల ఏవో బొమ్మలు కూడా పెట్టారు" అంది. అక్కడితో ఆగకుండా ఫోను తెచ్చి ఫోటోలు చూపించింది. గుమ్మటం ఉంది, రాతి గోడలు ఉన్నాయి, పచ్చిక ఉంది, ఆ పచ్చిక మీద అన్నయ్య ఉన్నాడు. ఒక్క చిత్రం లేదు.

"ఏవో బొమ్మలు కూడా" అన్న మాటలో ఆ "కూడా" నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ ఏవో బొమ్మల కోసమే కదా, మనవడి పుట్టినరోజు హడావిడిలో ఒక పూట ఖాళీ చేసుకుని, నోయిడా నుంచి అంత దూరం అందరినీ బయలుదేరదీసింది నేను! అది జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల. 1954 మార్చి 29న నెహ్రూ గారి సమక్షంలో దానిని ప్రారంభించినవారు అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1926లో మన బెజవాడలోనే మొదలై తరువాత వాల్తేరు తరలిపోయిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మనిషి ఆయన. స్వాతంత్ర్యం వచ్చిన ఏడేళ్ళలోపే, అన్నానికే కటకటగా ఉన్న దేశం తన చిత్రకారులకు ఒక ఇల్లు చూపించాలనుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఆ ఇల్లు 1936లో జైపూర్ మహారాజు కోసం సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు కట్టిన భవనం కావడం దాని తరువాతి సంగతి. మా ఇంట్లో మాత్రం భవనం అసలు, చిత్రాలు కొసరు అయ్యాయి.

గిన్నెలు సర్దుతున్నంత సేపూ నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. కొత్త చిత్రాలను పాత భవనాల్లో పెట్టడమే పొరపాటేమో అనిపించింది. బొంబాయిలో 1911 నాటి కావస్‌జీ జహంగీర్ హాలును 1996లో ఇలాగే ప్రదర్శనశాలగా మార్చారు. బెంగళూరులో మాణిక్యవేలు గారి భవంతిలో 2009లో తెరిచారు. ఎక్కడికి వెళ్ళినా జనం ముందు తలెత్తి కప్పు చూస్తారు, మెట్లు చూస్తారు, ఇది ఎవరిదని అడుగుతారు. ఎన్నేళ్ళు కాపురమున్నా వీధిలో అద్దెకున్నవాళ్ళ పేరు ఎవరికీ పట్టదు, ఇంటివారి పేరే చెబుతారు. చిత్రాల పరిస్థితి కూడా అంతేనని తీర్మానించుకుని, పిన్నివాళ్ళను పటమటలో దింపడానికి ఆటో ఎక్కాను.

ఆటో బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ముందు నుంచి వెళ్ళింది. 2020 నుంచి ఆ పేరు ఉన్నా, నా నోటికి ఇంకా విక్టోరియా మ్యూజియం అనే వస్తుంది. నాన్నగారు మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళింది ఒక మే నెల మధ్యాహ్నం. రోడ్డు మీద తారు మెత్తబడి నా చెప్పు అతుక్కుపోయింది, అన్నయ్య దానిని పీకి ఇచ్చాడు, నేను ఏడుస్తూ గుమ్మం దాటాను. దాటగానే చల్లగా ఉంది. ఎత్తయిన కప్పు కింద, బయటి వెలుతురుకు అలవాటుపడిన కళ్ళకు ఒక్క క్షణం ఏమీ కనిపించలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని గచ్చు మీద అరికాళ్ళు ఆనించి నిలబడ్డాను. నాన్నగారు ఒక్కొక్క శిల్పం దగ్గరా ఆగి చెబుతూనే ఉన్నారు. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్ళు నిండాయని 1887లో ఈ భవనానికి శంకుస్థాపన చేశారని చెప్పారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించిన కథ చెప్పారు. అల్లూరు నుంచి తెచ్చిన తెల్లని సున్నపురాతి బుద్ధుడి ముందు నన్ను ఎత్తుకుని, ఆ వస్త్రం మడతలు చూడమన్నారు. తిరుగుదారిలో సోడా కూడా ఇప్పించారు.

బుద్ధుడి ముఖం గుర్తుచేసుకోవాలని ఆటోలో కూర్చుని ఎంత ప్రయత్నించినా నాకు రాలేదు. అరికాళ్ళ కింది చల్లదనం మాత్రం నిన్ననే జరిగినట్టు ఉంది. మళ్ళీ వెళ్ళాలని ఆ వయసులో నేను మారాం చేసినది కూడా ఆ చల్లదనం కోసమే, శిల్పాల కోసం కాదు. ఆ భవనం నన్ను పిలిచి ఉండకపోతే, తరువాతి రోజుల్లో ఆ శిల్పాల దగ్గరికి నేను నా అంతట వెళ్ళేదాన్నా? వెళ్ళేదాన్ని కాదనే అనుకుంటున్నాను. అప్పుడు వదిన చేసిన తప్పేమిటో నాకు స్పష్టంగా తెలియలేదు.

పైగా న్యాయంగా చెప్పాలంటే, లోపలికి వెళ్ళగానే ఫోను సంచిలో పెట్టించినది నేను. ఫోటోలు తీస్తూ ఉంటే బొమ్మ కంటికి ఆనదని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె నా మాట విన్నది. ఆ ఫోటోలే లేవని ఈ రోజు అలిగాను. బయట పచ్చికలో బండను కదిలిస్తున్న నలుగురు కూలీల కంచు విగ్రహాన్ని చూసి, "ఇది మద్రాసు మెరీనాలో ఉన్నదే కదమ్మా" అని మొదట గుర్తుపట్టినది కూడా ఆమే. దేవీప్రసాద్ రాయ్ చౌదరి గారు చేసిన "శ్రమ విజయం" అనే శిల్పం అది. నేను పక్కనే ఉండి కూడా గమనించలేదు.

ఇక్కడ రాయకుండా దాటేద్దామనుకున్నది ఒకటి ఉంది. మజ్జిగ పోసుకుంటూ పిన్ని, "ఇంతకీ ఆ బొమ్మలేమిటే?" అని నన్నే అడిగింది. నేను చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ గురించి చెప్పాను. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టిందని, ముగ్గురు అమ్మాయిల చిత్రం 1935లో వేసిందని, దానికి బొంబాయిలో బంగారు పతకం వచ్చిందని, 28 ఏళ్ళకే లాహోరులో చనిపోయిందని చెప్పాను. పిన్ని తల ఊపి పెరుగు గిన్నె జరిపింది. అప్పుడు వదిన, "ముగ్గురాడపిల్లలు పక్కపక్కనే కూర్చుని ఉంటారు చిన్నత్తయ్యగారూ, ఒకరి మొహం ఒకరు చూసుకోరు. లోపల పెద్దవాళ్ళేదో తేలుస్తుంటే బయట కూర్చోబెట్టినట్టుంటారు. మా చిన్నక్క పెళ్ళి మాటలప్పుడు అచ్చం అలాగే కూర్చుంది" అంది. పిన్ని చెయ్యి కంచంలో అలాగే ఆగిపోయింది.

ఆ చిత్రం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను, వదిన రెండు నిమిషాలు కూడా నిలబడలేదని నా లెక్క. అయినా "కూడా" అన్న మాట మీద నా కోపం పూర్తిగా పోలేదు. అది పోవాలని కూడా నాకు లేదు, ఎందుకంటే ఆ చిత్రాలు ఎవరి మాటల్లోనూ చివరిగా రాకూడదు.

ఆ ముగ్గురి చేతులు ఎక్కడ ఉన్నాయో ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను, జ్ఞాపకం రావడం లేదు. రేపు పొద్దున్న కాఫీ పెట్టేటప్పుడు వదినను అడగాలి.