సీబీ1 పెరిగిందా, తగ్గిందా: ఒక్క ప్రశ్న దగ్గర నా తిప్పలు

సైకియాట్రీ పీజీ పరీక్షకు చదువుతున్న మిత్రులకు, స్కిజోఫ్రేనియా అనే మానసిక వ్యాధిలో కానబినాయిడ్ గ్రాహకాల (గంజాయిలోని రసాయనాలు మెదడులో అతుక్కునే ప్రోటీన్ల) పాఠం నన్ను ఎక్కడ ఆపేసిందో, ఎలా దాటానో రాస్తున్నాను.

పునాది విషయాలు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఈ గ్రాహకాల్లో ఒకటైన సీబీ1ను 1990లో క్లోన్ చేశారనీ, శరీరమే తయారుచేసుకుని సీబీ1కు అతికించే, 1992లో బయటపడిన ఆనందమైడ్‌కు సంస్కృతంలోని ‘ఆనంద’ నుంచే పేరు పెట్టారనీ ఒకసారి చదివితే చాలు (రెండోది మనం మరిచిపోదామన్నా మరుపుకు రాదు). సీబీ1 ప్రధానంగా ప్రీసినాప్టిక్ కొనల (సంకేతం పంపే న్యూరాన్ చివరల) మీద ఉండి, అవతలి న్యూరాన్ నుంచి వెనక్కి వచ్చే సంకేతాన్ని అందుకుని గాబా, గ్లుటమేట్ అనే సంకేత రసాయనాల విడుదలను తగ్గిస్తుంది. ఈ వెనక్కి వచ్చే బాణాన్ని నోట్సులో ఎర్ర సిరాతో గీసుకున్నాను.

చిక్కంతా ఆ తరువాతే వచ్చింది. ఒక నమూనా పరీక్షలో ‘స్కిజోఫ్రేనియాలో సీబీ1లో మార్పు ఏమిటి?’ అన్న ప్రశ్నకు ‘పెరుగుతుంది’ అని ధీమాగా రాశాను. పేపరు దిద్దినవారు పక్కన ‘దేనితో కొలిస్తే?’ అని మాత్రమే రాసి సగం మార్కులు కోసేశారు. అప్పుడు కోపం వచ్చింది కానీ, ఆ రెండు ముక్కలే నాకు పాఠం మొత్తాన్ని తెరిచి చూపాయి.

మరణానంతర మెదళ్లలో రేడియోధార్మిక లిగాండ్ (గ్రాహకానికి అతుక్కునే పదార్థం) ఎంత అతుక్కుందో కొలిచిన 2001 నాటి అధ్యయనం మెదడు ముందుభాగంలోని డార్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో పెరుగుదలను చూపితే, అదే ప్రాంతంలో సీబీ1 తయారీ సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏను, ప్రోటీన్‌ను కొలిచిన 2008 అధ్యయనం తగ్గుదలను చూపింది. గాబా తయారీ మందగించినప్పుడు, ఉన్న కాస్త గాబా అయినా విడుదల కావడానికి మెదడు చేసుకున్న సర్దుబాటే ఈ తగ్గుదల కావచ్చునని రెండో బృందం వివరించింది. నాకు ఈ వాదన నచ్చింది, జవాబులోనూ దీన్ని వాదనగానే రాశాను. ఇక బతికున్నవారిలో చేసిన పెట్ స్కాన్లు మరింత తికమక పెడతాయి: సీబీ1కు అతుక్కుని స్కాన్‌లో దాని జాడ చూపే ఓమార్ అనే ఒకే రేడియోధార్మిక ట్రేసర్‌తో 2010లో పెరుగుదల, 2016లో పురుషుల్లో తగ్గుదల కనిపించాయి. అందుకే ప్రతి ఫలితం పక్కనా కొలిచిన పద్ధతిని, మెదడు ప్రాంతాన్ని, రోగులు మందులు, గంజాయి వాడుతున్నారా లేదా అన్నదాన్ని రాసుకుని, ‘పెరుగుదల’, ‘తగ్గుదల’ అన్న శీర్షికలనే నోట్సులోంచి కొట్టేశాను.

తీరా అసలు పరీక్షలో అడిగింది రిమొనబాంట్ గురించి. సీబీ1ను అడ్డుకునే ఆ మందు స్కిజోఫ్రేనియాపై 2004లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో ప్లాసిబోను (మందు లేని ఉత్తుత్తి మాత్రను) మించలేదనీ, ఊబకాయానికి వాడుకలోకి వచ్చి కుంగుబాటు వంటి మానసిక దుష్ప్రభావాల వల్ల 2008లో ఐరోపాలో నిలిపివేతకు గురైందనీ రాసి, ఎర్ర బాణం బొమ్మను జవాబు పక్కన వేసి వచ్చాను.