14 నెలలు, 112 పిట్టలు, పనికొచ్చిన ఫోటోలు కొన్ని

మొదలుపెట్టింది నవంబరులో, పోయిన ఏడాది కాదు, అంతకు ముందు ఏడాది. మొన్న సంక్రాంతికి లెక్క చూసుకుంటే, చూసిన పిట్టల లిస్టు రాసుకునే ఈ-బర్డ్‌లో 112 జాతులు తేలాయి, హార్డ్ డిస్క్‌లో ఫోటోలు పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. వాటిలో పిట్ట పేరు తేల్చడానికి పనికొచ్చినవి ఓ నాలుగైదు వందలుంటాయేమో. తమాషా ఏంటంటే అందులో సగం ఎవరికీ చూపించుకోలేనంత దరిద్రంగా వచ్చినవే. ఫ్రేము కట్టించుకోవాలనిపించే ఫోటోల్లో కొన్నిటికి ఇప్పటికీ పేరు లేదు. ఇది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది కాబట్టి రాసి పెట్టుకుంటున్నాను.

సామాను సంగతి ముందే చెప్పేస్తా. బైనాక్యులర్ 8 ఇంటూ 42, ఏడున్నర వేలు. కెమెరా నికాన్ పీ950, సెకండ్ హ్యాండ్‌లో 38 వేలకు దొరికింది. లెన్సు మార్చే పని లేదు, జూమ్ 2000 మిల్లీమీటర్ల దాకా పోతుంది, మా బడ్జెట్‌లో అంత దూరం అందేది ఇంకోటి కనపడలేదు. కాకపోతే లోపల సెన్సర్ గోరంతే. చలికాలం పొద్దున ఆరున్నరకు తీస్తే ఫోటో అంతా ఇసక చల్లినట్టు వస్తుంది. తొమ్మిది దాటాక ఇంకో గొడవ, నీళ్ల మీద ఎండ పడి గాలి వణుకుతుంటే ఫుల్ జూమ్‌లో బాతు కూడా జెల్లీలా కదులుతుంది. మొదటి రెండు నెలలు కెమెరా పాడైందేమో అని టెన్షన్ పడ్డాను. ఇప్పుడు 1200 దగ్గరే ఆపేసి, మిగతాది ఇంటికొచ్చాక క్రాప్ చేసుకుంటున్నా. కూర్చున్న పిట్టకు షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, ఎగిరేదానికి 1600వ వంతు కంటే వేగంగా, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును ఎంత పట్టాలో చెప్పే అంకె) ఆటోలో పెట్టి 800 దాటకుండా కట్టేశాను. వరసగా నొక్కితే పది ఫోటోలు తీసి ఆగిపోతుంది, అవి కార్డులోకి ఎక్కేదాకా మనం బొమ్మలా నిలబడాలి, పిట్ట సరిగ్గా అప్పుడే రెక్క విప్పుతుంది. అందుకని మూడు మూడు చొప్పున నొక్కడం నేర్చుకున్నా. లెన్సు పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జూమ్ కాస్త వెనక్కొచ్చి చుట్టుపక్కల కనపడుతుంది, వదిలితే మళ్లీ ఉన్నచోటికి పోతుంది. దాని సంగతి తెలియక ఎన్ని పిట్టల్ని కొమ్మల్లో పోగొట్టుకున్నానో. బ్యాటరీ ఒకటి ఎక్స్‌ట్రా ఉండాల్సిందే.

నా అడ్డా హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు. ఇంటి నుంచి బండి మీద ఇరవై నిమిషాలు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, మన దేశంలో పట్నంలో ఉన్న చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక పక్క చెత్త, మధ్యలో చలికాలం వస్తే సూదితోక బాతులు, పారమూతి బాతులు. అక్కడ కెమెరా మెడలో వేసుకుని గట్టు మీద నిలబడితే ఎవరో ఒకరు ఆగుతారు. ఒకాయన గేదెల్ని తోలుకుపోతూ, "ఏం సార్, చెరువు కొలుస్తున్నరా? హద్దులు పెడ్తరా?" అన్నాడు. పిట్టలు చూస్తున్నానన్నా నమ్మలేదు. బైనాక్యులర్ ఇచ్చి నామాల కోడిని చూపించాక, "దీనికింత పెద్ద మిషినెందుకు సార్, రోజూ మా కాళ్లకాడనే తిరుగుతయ్" అని వెళ్లిపోయాడు. ఆయన అన్నదీ నిజమే, నేను ముందు నేర్చుకోవాల్సింది ఆ కాళ్ల దగ్గర తిరిగేవాటినే.

తెల్ల కొంగల దగ్గరే మొదటి దెబ్బ తిన్నాను. ఎండలో తెల్ల పిట్టను తీస్తే ఈకలన్నీ కలిసిపోయి సున్నం పూసిన గోడలా వచ్చేది. ఎక్స్‌పోజర్, అంటే ఫోటో వెలుగు, మైనస్ 0.7కి తగ్గించాక ఈకలు విడిగా కనపడ్డాయి. నల్లటి ఏట్రింతకైతే (బ్లాక్ డ్రాంగో) తిరకాసు, ఆకాశం వెనకాల ఉంటే ప్లస్ ఒకటి ఇవ్వాలి, లేకపోతే ఒట్టి నీడే. సరే, ఈకలు కనపడ్డాయి, ఇంతకీ ఏ కొంగ? చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. బాగానే ఉంది, కానీ ఆ పాదాలు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి కదా! కదలకుండా నిలబడిన కొంగను అరగంట పాటు అందంగా తీసి ఇంటికొచ్చి, పాదాలు లేని 80 ఫోటోలు ముందేసుకుని కూర్చున్నా. అది లేచి పక్క బండ మీదికి ఎగిరినప్పుడు కంగారులో నొక్కిన ఒక్క వంకర ఫోటోలో పసుపు పాదాలు వేలాడుతూ దొరికాయి.

అదే నెలలో మా బాల్కనీలో మందార మీదికి ఒక తేనెపిట్ట వచ్చింది. పైన మట్టి రంగు, కింద లేత పసుపు, గొంతు మధ్యలోంచి పొట్ట దాకా బొగ్గుతో గీసినట్టు ఒక నల్ల చార. పిట్టల గైడ్ పుస్తకంలో మగ పిట్ట బొమ్మ నీలంగా మెరుస్తోంది, ఆడపిట్టకు చార లేదు. కొత్త జాతి దొరికిందని ఇద్దరు ముగ్గురు స్నేహితులకు మెసేజ్ కూడా పెట్టేశాను. తీరా చూస్తే అది మామూలు పర్పుల్ సన్‌బర్డ్ మగదే. గుడ్ల కాలం అయిపోయాక ఆ మెరుపు ఈకలు రాలిపోయి, ఆ చార ఒక్కటే మిగులుతుందట. ఫిబ్రవరికల్లా అదే మందార మీద నీలం సూటు వేసుకుని వచ్చింది. అప్పటినుంచి గైడ్‌లో బొమ్మ కంటే ముందు పక్కనున్న చిన్న అక్షరాలు చదువుతున్నా.

నాకు అన్నిటికంటే ఎక్కువ పాఠం చెప్పింది సాండ్‌పైపర్లు. బురదలో పిచ్చుక కంటే పెద్దగా, గోరింక కంటే కాస్త తక్కువగా, మట్టి రంగులో పరిగెత్తే పిట్టలన్నీ నాకు ఒకటే. అమీన్‌పూర్‌లో మూడు రకాలు దగ్గర దగ్గరే తిరుగుతాయి. కామన్ సాండ్‌పైపర్ సులువు, తోక ఎప్పుడూ కిందికీ మీదికీ ఆడిస్తూనే ఉంటుంది, రొమ్ము పక్కన రెక్క మొదట్లోకి తెల్లటి ముక్క దూరినట్టు ఉంటుంది. మిగతా రెండే ప్రాణం తీస్తాయి. వుడ్ సాండ్‌పైపర్‌కు వీపు మీద చుక్కలు బాగా కనపడతాయి, కాళ్లలో పసుపు ఉంటుంది, కంటి మీది తెల్ల గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. గ్రీన్ సాండ్‌పైపర్ ఇంకాస్త నలుపు, ఆ తెల్ల గీత కన్ను దగ్గరే ఆగిపోతుంది. చదవడానికి తేలికే. నలభై మీటర్ల దూరంలో, ఎదురెండలో, బురద అంటుకున్న కాళ్ల రంగు చెప్పమంటే అప్పుడు తెలుస్తుంది.

డిసెంబరులో ఒక ఆదివారం మా పాపను కూడా తీసుకెళ్లా, తొమ్మిదేళ్లు. నేను గట్టు వార మోకాళ్ల మీద కూర్చుని ఒకదాన్ని తీస్తున్నా, నీళ్లలో దాని నీడ కూడా పడి ఫోటో అద్భుతంగా వస్తోంది. వెనకాల కుక్క మొరగ్గానే ఎగిరిపోయింది, నేను కెమెరా దించేశాను. పాప మాత్రం చూస్తూనే ఉంది. "నాన్నా, దానికి రెక్కల కింద నల్లగా ఉంది, తోక దగ్గర తెల్లగా ఉంది, నువ్వు తియ్యలేదా?" అంది. తియ్యలేదు. రెక్క కింద నలుపు, నడుం మీద తెల్లటి మచ్చ అంటే గ్రీన్ సాండ్‌పైపరే, వుడ్‌కైతే రెక్క అడుగు లేత రంగులో ఉంటుంది. అంటే అక్కడ తేల్చాల్సిన విషయం మొత్తం అది పారిపోయిన రెండు సెకండ్లలోనే ఉంది, నేను మాత్రం నీడను చూసి మురిసిపోతున్నా. ఆ రోజు లిస్టులో దాన్ని ఎక్కించింది పాప మాట మీదే.

అప్పటినుంచి తీసే పద్ధతి మార్చేశాను. దూరంగా ఉన్నప్పుడే మూడు ఫోటోలు, ఎలా వచ్చినా సరే. తర్వాత పక్క నుంచి, వీలైతే వెనక నుంచి, ముక్కు, కాళ్లు. లేచి ఎగిరేటప్పుడు కెమెరా అస్సలు దించకూడదు. అందమైన ఫోటో వీటన్నిటి తర్వాతే. ఇంకా ముఖ్యం జేబులో చిన్న నోట్‌బుక్. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తోక ఆడిస్తోందా? నేల మీదా, కొమ్మ చివరా, నీటి అంచునా? ఫోటోలో పరిమాణం తెలియదు, నడక తెలియదు. నా పాత ఫోటోల్లో పేరు లేనివన్నీ ఈ నాలుగు ముక్కలు రాసుకోనివే.

ఫోటో, కూత బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ గురించి. చాలా ఉపయోగం, కానీ జడ్జి సీట్లో కూర్చోబెట్టకూడదు. ఒకే పిట్ట ఫోటోలు మూడు ఇస్తే మూడు పేర్లు చెప్పిన రోజులున్నాయి. ఊరు, తేదీ ఇవ్వడం మర్చిపోతే ఇంకా ఘోరం. కూతలు వినే భాగమైతే నన్ను ఒక పొద్దున నిలువునా ముంచింది. షిక్రా అని చూపిస్తోంది, నేను ఇరవై నిమిషాలు మెడ పట్టేసేదాకా తుమ్మచెట్టంతా డేగ కోసం వెతికా. చెట్టు పైన ఏట్రింత ఒకటి తాపీగా కూర్చుని షిక్రా గొంతుతో అరుస్తోంది. అది అలా అనుకరిస్తుందని తర్వాత చదివాను. ఇప్పుడు యాప్ చెప్పిన పేరు కంటితో చూస్తేనే లిస్టులోకి.

ఏప్రిల్‌లో జరిగింది చెప్పుకోవడానికి సిగ్గే. గట్టు అవతల రాళ్ల నేలలో ఒక తీతువు పిట్ట నా చుట్టూ తిరుగుతూ అరుస్తోంది, తల మీదికి దూసుకొచ్చి పక్కకు తప్పుకుంటోంది. ఇంత దగ్గరగా ఎప్పుడు దొరుకుతుందని నేను ఇంకో రెండడుగులు ముందుకేసి మరీ తీశా. ఎందుకో కిందికి చూస్తే, నా కుడి బూటుకు జానెడు దూరంలో నాలుగు గుడ్లు. గూడంటూ ఏమీ లేదు, ఊరికే చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, గుడ్లు కూడా ఆ రాళ్ల రంగులోనే, నల్లటి మచ్చలతో. ఇంకో అడుగు వేసి ఉంటే అంతే. వచ్చిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కొచ్చేశాను. ఆ ఫోటోలు పదునుగా వచ్చాయి, కన్ను చుట్టూ ఎర్ర రంగు కూడా స్పష్టంగా ఉంది, కానీ ఎక్కడా పెట్టలేదు. పిట్ట మన మీదికి వచ్చి అరుస్తోందంటే మనం ఉండకూడని చోట ఉన్నట్టు.

వానాకాలంలో పెద్దగా వెళ్లలేదు. కెమెరా బీరువాలో పెట్టకుండా మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచాను, బైనాక్యులర్‌కు ఆ మర్యాద చెయ్యనందుకు లోపల ఒక అద్దానికి బూజు పట్టింది, బాగు చేయించడానికి 900 అయింది.

దసరాకు పాలపిట్ట. కూర్చుంటే ఏదో మట్టి రంగు పిట్ట, రెక్క విప్పితే రెండు రకాల నీలం. పొలాల పక్కన కరెంటు తీగ మీద దొరికింది, గంటన్నర కూర్చుంటే ఎగిరేటప్పుడు ఒకటి సరిగ్గా వచ్చింది. పండగ పేరు చెప్పి వీటిని పట్టి పంజరాల్లో తెచ్చి డబ్బులకు చూపిస్తుంటారు, అది చట్టప్రకారం నేరం. దయచేసి ఇరవై రూపాయలు కూడా ఇవ్వకండి. ఊరి బయట తీగల మీద ఊరికే కనపడే పిట్టే అది.

సంక్రాంతికి తెనాలి వైపు అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లి, భోగి మర్నాడు పని పెట్టుకుని ఉప్పలపాడు వెళ్లొచ్చాం, గుంటూరు పక్కనే. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు), పెయింటెడ్ స్టార్క్‌లు కిక్కిరిసి ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు అదే మంచి చోటు, పిట్టలు పెద్దవి, దగ్గరగా ఉంటాయి, కంగారుపడవు. పొద్దున సూర్యుడు మన వీపు వైపు ఉండేలా గట్టు ఎంచుకోండి, అంతే.

ఇంటికొచ్చి కెమెరా తెరలో అమ్మమ్మకు ఒక్కొక్కటే చూపిస్తున్నా. కళ్లజోడు సర్దుకుని చూస్తోంది. బ్లాక్ డ్రాంగో వచ్చేసరికి, "ఒరేయ్, ఇది పసులపోలిగాడు కదరా, గేదె మీదెక్కి సవారీ చేస్తాడు" అంది. ఏట్రింత అన్న పేరు నాకు పుస్తకాల్లో దొరికింది, ఈ పేరు దొరకలేదు. నేను రెక్కల కొలతలు చదివి గుర్తుపెట్టుకున్నదాన్ని ఆవిడ గేదె మీద పెట్టి ఒక్క మాటలో తేల్చేసింది. కానీ సాండ్‌పైపర్లు చూపిస్తే మాత్రం, "ఇవన్నీ బురద పిట్టలేరా, ఎవడికి తెలుసు" అని తీసిపారేసింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులు ఉంటుంది, రోజూ పదిహేను నిమిషాలు పిట్టల్ని లెక్కపెట్టినా చాలు, మేడ మీంచి కూడా చెయ్యొచ్చు. ఈసారి లెక్కలు పాప రాస్తానంది. ఈలోపు తేలనిది ఒకటుంది. చెరువు వెనక గడ్డిలో పరిగెత్తే పిపిట్. రిచర్డ్స్ అయితే కాస్త పెద్దది, నిటారుగా నిలబడుతుంది, వెనక వేలి గోరు బాగా పొడుగు. ప్యాడీఫీల్డ్ అయితే చిన్నది, కూత కూడా మెత్తన. ఇప్పటికి ఈ-బర్డ్‌లో ఉత్త పిపిట్ అని మాత్రమే రాశా, తెలియనప్పుడు అలా రాయడానికి అందులో వీలుంది. పోయిన ఆదివారం బోర్లా పడుకుని మరీ 46 ఫోటోలు తీశా. కన్ను, ముక్కు, రొమ్ము మీద గీతలు అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. పాదాలు మాత్రం 46 ఫోటోల్లోనూ గడ్డిలోనే ఉన్నాయి.