సున్నా కన్నా తక్కువ తూగిన ధూళి: నా ఇంటర్న్‌షిప్ అనుభవం

పర్యావరణం, ఆరోగ్యం మీద పనిచేసే పరిశోధన బృందంలో నా ఇంటర్న్‌షిప్ నిన్నటితో అయిపోయింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారితే మర్యాదగా రాయాల్సి వస్తుంది.

దరఖాస్తు, ఇంటర్వ్యూ, భద్రతా శిక్షణ సాఫీగానే గడిచాయి. ఎథిక్స్ కమిటీ ఆఫీసు మాత్రం సమ్మతి పత్రాన్ని రెండుసార్లు తిప్పి పంపింది. రెండోసారి కారణం పేజీ నంబర్లు లేవని! ఆ ముక్క మొదటిసారే చెప్పొచ్చుగా. పాల్గొనేవాళ్లు నడుముకు కట్టుకునే గాలి పంపు రాత్రంతా సన్నగా మోగుతూ ఉంటుందని, పడుకునేటప్పుడు దాన్ని మంచం పక్కనే పెట్టుకోవాలని ఆ పత్రంలోనే రాయండి. దాస్తే అర్ధరాత్రి ఎవరో ఒకరు ఆపేస్తారు.

పని ఇదీ. మనిషి పీల్చే గాలిలో పీఎం 2.5, అంటే 2.5 మైక్రోమీటర్లూ అంతకన్నా సన్నని కణాలూ, ఎంత ఉందో కొలిచి, ఊపిరితిత్తుల పరీక్ష ఫలితాలతో పోల్చి చూడాలి. నడుముకు చిన్న పంపు, మెడ దగ్గర ఇంపాక్టర్ (లావు కణాల్ని ఆపేసి సన్నవాటినే లోపలికి పంపేది), దాని లోపల 37 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 24 గంటలు లాగితే 2,880 లీటర్లు, అంటే 2.88 ఘనపు మీటర్లు. పంపు వేగాన్ని ముందోసారి, తర్వాతోసారి కొలవాలి. వేగం పడిపోతే లోపలికొచ్చే గాలి తగ్గడమే కాదు, ఇంపాక్టర్ లావు కణాల్ని కూడా లోపలికి వదిలేస్తుంది. కాబట్టి తర్వాత లెక్కలో సరిచేసుకుందాంలే అనుకోకండి.

ఇక తూకం. నా పరువు పోయింది ఇక్కడే.

ఘనపు మీటరుకు 20 మైక్రోగ్రాముల ధూళి ఉంటే, ఫిల్టర్ మీద రోజంతటికీ చేరేది 58 మైక్రోగ్రాములు. సన్నని ఉప్పు గింజ ఒక్కటి అంత తూగుతుంది. అందుకే ఫిల్టర్లను 20 నుంచి 23 డిగ్రీల వేడిలో, 30 నుంచి 40 శాతం తేమలో 24 గంటలు ఆరనిస్తారు. ఆ 24 గంటల్లో తేమ అటూ ఇటూ 5 శాతం దాటకూడదు. తర్వాత గాట్లు లేని ఫోర్సెప్స్‌తో అంచు పట్టుకుని, పొలోనియం స్ట్రిప్ (రేడియోధార్మిక పట్టీ) దగ్గర ఉంచి స్థిరవిద్యుత్తు పోగొట్టి, మైక్రోగ్రాముల్లో తూచే మైక్రోబ్యాలెన్స్‌లో పెట్టాలి. ఖాళీగా ఒకసారి, ధూళి పట్టాక ఒకసారి. ఆ తేడాయే ధూళి.

60 ఫిల్టర్లలో ఏడింటికి తేడా మైనస్ వచ్చింది. ధూళి పట్టాక బరువు తగ్గడమేమిటి, ఇవి తప్పుడు తూకాలే అనుకుని ఆ ఏడు వరుసలూ తీసేశాను. వారం సమావేశంలో మా బృందాన్ని నడిపించే మేడమ్ గ్రాఫ్ చూసి, "సున్నా దగ్గర ఎవరో కత్తెరేసినట్టుందే. మిగతావేవి?" అన్నారు. "తీసేశానండీ" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఏడింటిని కిందికి లాగిన పొరపాటే మరికొన్నింటిని పైకి నెట్టి ఉంటుంది. కిందికి పోయినవాటినే పారేస్తే సగటు ఉన్నదాని కన్నా పెరుగుతుంది. ఆ చీవాట్లు నాకు రావాల్సినవే. కానీ బ్యాలెన్స్ చూసుకునే ఆయన "నీ చెయ్యి నిలకడగా లేదు" అన్నాడే, దాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

అసలు సంగతి ఫీల్డ్ బ్లాంకులు, అంటే గాలి లాగకుండా ఉంచే ఫిల్టర్లు, చెప్పాయి. వాటిని కూడా ఇంపాక్టర్‌లో బిగించి ఊరంతా తిప్పుతాం, పంపు మాత్రం వేయం. బరువు మారకూడదు. మా ఆరు బ్లాంకుల తేడాలకు ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్నది, 18 మైక్రోగ్రాములు. దానికి మూడు రెట్లు, 54, మేం నమ్మకంగా గుర్తించగల కనీస బరువు. 2.88తో భాగిస్తే ఘనపు మీటరుకు దాదాపు 19. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన 24 గంటల పరిమితి 15. అంటే గాలి ఆ గీతకు లోపల ఉందో బయట ఉందో చెప్పే శక్తే మా తూకానికి లేదు.

కారణం దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. తేమ రికార్డు బాగానే ఉంది. సరిచూసే తూకపురాయి మైక్రోగ్రాము తేడా లేకుండా తూగింది. మమ్మల్ని మోసం చేసింది ఆ రాయే. అది లోహం, దాని మీద స్థిరవిద్యుత్తు నిలవదు. టెఫ్లాన్ మీద నిలుస్తుంది, తూకాన్ని అటూ ఇటూ లాగుతుంది. ఫిల్టర్ పెట్టినప్పుడు అంకె ఒకచోట ఆగకుండా మెల్లగా పాకుతోందంటే అదే గుర్తు. చివరికి పొలోనియం స్ట్రిప్ తిప్పి చూస్తే తయారై ఏడాదిన్నర అయింది. పొలోనియం 210 అర్ధాయువు 138 రోజులు. నాలుగుసార్లు సగమైపోయి, పదహారో వంతు మిగిలింది. నా చేతికి పెట్టిన వంక ఆ స్ట్రిప్‌కు పెట్టాల్సింది.

కొత్త స్ట్రిప్ వచ్చింది. కానీ పాత 60 బాగుపడవు. ధూళి పట్టిన ఫిల్టర్‌ను మళ్లీ ఖాళీగా తూచలేం కదా. తీసేసిన ఏడింటినీ వెనక్కి చేర్చి, పొరపాటు ఎంత ఉండొచ్చో పక్కనే రాసి పక్కన పెట్టాం. రెండో విడతలో 40 ఫిల్టర్లు తూచాను. బ్లాంకుల విచలనం 3 మైక్రోగ్రాములు, కనీస బరువు 9. అదే చెయ్యి, గమనించగలరు.

మీరు చేసేటప్పుడు ఒక్కో ఫిల్టర్‌ను మూడుసార్లు తూచి మూడు అంకెలూ రాయండి. నేను చివరిదొక్కటే రాసుకున్నాను. మూడూ ఉండి ఉంటే తొమ్మిది రోజుల పని ఒక సాయంత్రంలో తేలేది. పంపు గడియారం, పాల్గొన్నవాళ్ల ప్రశ్నావళి మీది సమయం ఒకే లెక్కలో ఉన్నాయో లేదో కూడా మొదటిరోజే చూసుకోండి.

వచ్చేముందు బ్యాలెన్స్ మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించాను: స్ట్రిప్ తయారైన తేదీ, మార్చాల్సిన తేదీ. బ్యాలెన్స్ చూసుకునే ఆయన చూశాడు, ఏమీ అనలేదు.